సున్న, లేదు, కాదు, తెలియదు

బడికి పోయే పిల్లవాడిని నాలుగు ప్రశ్నలు అడిగి చూడండి. "లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయిరా?" "సున్న." "ఇంట్లో మంచినీళ్లున్నాయా?" "లేవు." "ఈ గొడుగు మీదేనా?" "కాదు." "మీ నాయన ఎప్పుడొస్తాడు?" "తెలియదు." నాలుగు ప్రశ్నలకి నాలుగు వేరు వేరు జవాబులు. ఒకదాని బదులు ఇంకొకటి చెబితే వాడి చెల్లెలే నవ్వుతుంది. ఇంగ్లీషువాడు "నో", "నాట్" అని సరిపెట్టుకునే చోట మనకి లేదు వేరు, కాదు వేరు. పై రాష్ట్రాల నుంచి వచ్చి తెలుగు నేర్చుకునేవాళ్లు మొదట తడబడేది ఇక్కడే. "ఇది ఉప్పునీళ్లు లేదు" అంటారు పాపం!

కంప్యూటరు భాషల్లో పెద్దన్న అనదగిన సి భాషకి ఈ భేదాలు పట్టవు. 1970 ల మొదట్లో అమెరికాలోని బెల్ లాబొరేటరీలో డెన్నిస్ రిచీ దాన్ని తయారుచేశాడు. అందులో లెక్కలో వచ్చే సున్న ఎలాగూ సున్నే. "ఫలానా చోటంటూ ఏదీ లేదు" అని చెప్పే నల్ పాయింటరుని కూడా సున్నతో రాయవచ్చు. "కాదు" అనడానికీ సున్నే. 1999 ప్రమాణం వచ్చేదాకా అవును, కాదులకి అందులో విడిగా ఒక రకమే లేదు. అక్షరాల వరస ఇక్కడితో అయిపోయింది అని చివర పెట్టే గుర్తు విలువా సున్నే. పైగా ప్రోగ్రాము ఏ ఇబ్బందీ లేకుండా ముగిసిందని ఆపరేటింగ్ సిస్టానికి మనవి చేసుకునేదీ సున్నతోనే! అంటే సున్న తెచ్చుకున్నవాడు పాసైనట్టు లెక్క. ఈ పద్ధతి మన కాలేజీలో పెడతానని వాగ్దానం చేసినవాడు యూనియన్ ఎన్నికల్లో ఓడిపోడు.

నేను సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి. సెలవులకి ఊరొచ్చినప్పుడల్లా తమ్ముళ్లూ చెల్లెళ్లూ అడిగే ప్రశ్న ఒకటే. "అన్నా, ఏ లాంగ్వేజి నేర్చుకుంటే మంచిది?" ఉద్యోగాల సంగతి ఏడాదికో రకంగా మారుతుంది గనక దాని జోలికి పోను. కానీ ఇన్నేళ్ల పనిలో నాకు తోచిన మాట ఒకటుంది. ఏ భాషలో ఏం రాయవచ్చు అన్నదాంట్లో పెద్ద తేడా లేదు. దాదాపు అన్నిట్లోనూ అన్నీ రాయవచ్చు. ఏ భాష మనల్ని దేన్ని మరిచిపోనివ్వదు అన్నదాంట్లోనే ఉంది తేడా. భాషలో ఒక్కొక్క సదుపాయం వెనక ఎవరికో జరిగిన నష్టం ఉంటుంది. ఆ నష్టం ఇంకొకడికి జరగకుండా కట్టిన గట్టు లాంటిది ఆ సదుపాయం.

అలాంటి గట్టు ఒక్కదాన్ని గురించి ఇక్కడ చెబుతాను. "తెలియదు" అన్న మాటకి భాషలో చోటు ఉందా లేదా అన్నదే ఆ సంగతి. దాని విలువ నాకు బాగా తెలిసొచ్చింది ఆఫీసులో కాదు, ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే వైపు ఉన్న మా మామ రొయ్యల గుంట దగ్గర.

మన తీరంలో రొయ్యల కథ అందరికీ తెలిసిందే. 1990 ల మొదట్లో టైగరు రొయ్య వచ్చి వరి మళ్లని గుంటలు చేసింది. 1994, 95 ప్రాంతంలో తెల్లమచ్చల జబ్బు వచ్చి చాలామందిని గట్టున కూర్చోబెట్టింది. 2009 లో వనామి రొయ్యకి ప్రభుత్వం అనుమతి ఇచ్చాక గుంటలు మళ్లీ కళకళలాడాయి. రకం ఏదైనా రొయ్యకి ప్రాణం నీళ్లలో కలిసి ఉన్న ఆక్సిజనే. రైతులు దాన్ని డీవో అంటారు. లీటరు నీటికి 4 మిల్లీగ్రాములకి తగ్గకుండా చూసుకోవాలి. అంతకన్నా దిగే కొద్దీ రొయ్య మేత మానుతుంది, తల్లడిల్లుతుంది, చివరికి చచ్చిపోతుంది.

ఇందులో చిక్కేమిటంటే, నీళ్లలో కంటికి కనపడనంత సన్నటి పచ్చని మొక్కలు పగలంతా ఎండని పట్టుకుని ఆక్సిజన్ తయారుచేసి పెడతాయి. రాత్రయితే అవే రొయ్యలతో పోటీపడి దాన్ని పీల్చేస్తాయి. అందుకని డీవో అన్నిటికన్నా అడుగంటేది తెల్లవారుజామున. సరిగ్గా మనిషికి నిద్ర ముంచుకొచ్చే వేళ. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు ఆగిపోతే, నూరు రోజుల కష్టం పోవడానికి ఒక్క రాత్రి చాలు.

మా మామకి అలా ఒక పంట పోయింది. పట్టుబడికి నాలుగు రోజులుందనగా కరెంటు పోయింది, జనరేటరు తిరగలేదు, లేపేవాడు లేడు. మా అత్త గాజులు ఆ ఏడంతా బ్యాంకులోనే ఉండిపోయాయి. మళ్లీ గుంట కట్టినప్పుడు, ఆదివారాలు నాకు పొద్దుపోక చేసే సరదా పనుల్లో ఒకటి ఆయనకి పనికొస్తుందేమోనని ఒక హెచ్చరిక మిషను తయారుచేయడానికి పూనుకున్నాను.

సామాను పెద్ద ఏమీ లేదు. షాంఘైలోని ఎస్ప్రెసిఫ్ కంపెనీ 2016 లో తెచ్చిన ఈఎస్‌పీ32 అనే చిప్పు ఉన్న బోర్డు ఒకటి. కొన్ని వందల రూపాయలకి దొరుకుతుంది, అరచేతిలో సగం ఉంటుంది. నీళ్ల వేడి చూడడానికి ఒక సెన్సరు, ఆక్సిజన్ చూడడానికి పల్చటి పొర బిగించిన ప్రోబు ఒకటి, మూడు ఫేజులూ ఉన్నాయా లేవా చూసే చిన్న సర్క్యూటు, సిమ్ కార్డు పెట్టే మోడెమ్, బ్యాటరీ, ఒక సైరను. అన్నీ కలిపి నాలుగు గిన్నెల క్యారియరంత పెట్టెలో పట్టాయి.

ఇక ప్రోగ్రాము. ఆర్ట్సు గ్రూపు వాళ్లు బెదరక్కర్లేదు, ఇందులో వంటింటికి మించిన సంగతులు లేవు. వేరియబుల్ అంటే పేరు రాసి పెట్టిన డబ్బా. టైపు అంటే ఆ డబ్బాలో ఏం పోయవచ్చు అన్న కట్టుబాటు. ఉప్పు డబ్బాలో చక్కెర పోయనివ్వని ఇల్లాలి లాంటిది. ఇఫ్ అంటే "నీళ్లు తెర్లితే బియ్యం వెయ్యి" అన్న షరతు. లూప్ అంటే కాపలా మనిషి గట్టు చుట్టూ తిరిగిన తిరుగుడే తిరగడం. ఫంక్షన్ అంటే ఒక పనికి పేరు పెట్టి ఇంకొకరికి అప్పజెప్పడం. "డీవో చూసి రా" అంటే అది చూసి ఒక అంకె తెచ్చి మన చేతిలో పెడుతుంది. ఈ అయిదూ పట్టుబడితే ఏ భాషయినా సగం వచ్చినట్టే.

నా పథకం మామకి చెప్పాను. "డీవో నాలుగుకి దిగితే ఫోను మోగుతుంది, మూడుకి దిగితే సైరను కూడా మోగుతుంది. లేదంటే మిషను గమ్మున ఉంటుంది మామా" అన్నాను. ఆయన బీడీ ఆర్పి, అయిదో తరగతితో చదువు మానేసిన మనిషి, ఏ ఇంటర్వ్యూలోనూ నన్ను ఎవరూ అడగని ప్రశ్న అడిగాడు.

"అంతా బాగానే ఉండాది గానీ అబ్బయా, అది గమ్మునుండిందనుకో. గుంట బాగుండాది గనక గమ్మునుండాదా, మిషనే చచ్చి గమ్మునుండాదా? నాకెట్ట తెలిసేది?"

కంప్యూటరు శాస్త్రంలో అరవై ఏళ్లుగా నలుగుతున్న చిక్కుముడి అంతా ఈ ప్రశ్నలో ఉంది.

దీనికి సాక్ష్యం నా పెట్టెలోనే కనపడింది. నీళ్ల వేడి చూడడానికి నేను తెచ్చింది డీఎస్18బీ20 అనే రకం. సరదాగా ఎలక్ట్రానిక్స్ చేసే పిల్లలందరూ వాడేదే. దాని వైరు ఊడిపోతే, దానికోసం ఆర్డుయినో వాళ్లలో వాడుకలో ఉన్న లైబ్రరీ "నాకు సెన్సరు కనపడడం లేదు" అనదు. మైనస్ 127 డిగ్రీలు అంటుంది! ఆ అంకెకి అర్థం వైరు ఊడిందని మనం గుర్తుపెట్టుకోవాలి. గుర్తుపెట్టుకోకుండా సగటు తీశామా, ముప్పై డిగ్రీలు మూడుసార్లు, మైనస్ 127 ఒకసారి కలిపితే గుంటలో నీళ్లు మైనస్ తొమ్మిది డిగ్రీలకి చేరి గడ్డకట్టినట్టు! మైపాడులో మంచు! అదే సెన్సరు కరెంటు వచ్చీ రాగానే కొలత మొదలుపెట్టకముందే అడిగితే 85 డిగ్రీలు అంటుంది. అదీ వేడి కాదు, "ఇంకా చూడలేదు" అని అర్థం. అంటే "తెలియదు" అన్న మాటకి విడిగా చోటు లేక దాన్ని అంకె వేషం వేసి పంపించారన్నమాట. మైనస్ 127 అయితే చూసినవాడికి అనుమానమైనా వస్తుంది. ఆక్సిజన్ ప్రోబు తీగ సగం తెగితే వచ్చే అంకెకి ఆ వేషం కూడా ఉండదు. 5.1 అనో 6.3 అనో సుబ్బరంగా చెప్పి నిద్రపుచ్చగలదు.

ఈ జబ్బుకి ఒక పుట్టినరోజు ఉంది. 1965 లో టోనీ హోర్ అనే ఆయన ఆల్గాల్ డబ్ల్యూ భాష కోసం పనిచేస్తూ, ఏ వస్తువునీ చూపించని "నల్" అనే ఖాళీ సూచికని అందులో పెట్టాడు. ఈయన 1934 లో మన సముద్రానికి దక్షిణాన కొలంబోలో పుట్టినవాడు. క్విక్ సార్ట్ కనిపెట్టినదీ ఆయనే, 1980 లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నదీ ఆయనే. నల్‌ని పెట్టడం చాలా సులువు గనక పెట్టేశానని, దానివల్ల లోకానికి జరిగిన నష్టం వంద కోట్ల డాలర్లు ఉంటుందని, అది తన తప్పేనని 2009 లో ఒక సభలో ఆయనే చెప్పాడు. ఉన్నదో లేదో చూడకుండా డబ్బాలో చెయ్యి పెట్టడం, అక్కడ ఏమీ లేక ప్రోగ్రాము కూలిపోవడం. అన్ని దేశాల్లోనూ ప్రోగ్రాములు రాసేవాళ్లు రోజూ పడే అవస్థ ఇదే. అది నల్ అని రాసి ఉంటే చూసేవాళ్లమే. కానీ భాష చూడమని అడగదు, చూడకపోయినా ఊరుకుంటుంది.

కూలిపోతే ఒక రకంగా అదృష్టమే. కూలిపోకుండా తప్పుడు అంకెతో ముందుకి పోవడమే ఘోరం. 1996 జూన్ 4 న ఫ్రెంచి గయానాలోని కౌరూ నుంచి యూరపు వాళ్ల ఏరియన్ 5 రాకెట్టు మొదటిసారి లేచింది. లేచిన దాదాపు నలభై సెకన్లకి బద్దలైంది. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. రాకెట్టు ఏ వైపు వంగిందో చూసే పరికరం ఒక పెద్ద అంకెని 16 బిట్ల చిన్న డబ్బాలో పోయబోయింది. ఆ డబ్బాలో పట్టేది 32,767 వరకే. పట్టలేదు, పరికరం పని ఆపేసింది. దానికి తోడుగా పెట్టిన రెండో పరికరంలోనూ అదే ప్రోగ్రాము గనక అదీ ఆపేసింది. అయితే ఆపేసేముందు "నాకు ఫలానా దోషం వచ్చింది" అని ఒక సమాచారం పంపింది. నడిపే కంప్యూటరు దాన్ని దోషమని అనుకోలేదు, రాకెట్టు వంగిన కొలత అనుకుంది! లేని వంపుని సరిచేయడానికి నాజిల్సుని గట్టిగా తిప్పింది. రాకెట్టు నిజంగానే అడ్డం తిరిగింది. "తెలియదు" అని ఒకరు చెబితే రెండోవారికి అది అంకెలా వినపడింది. అంతే సంగతి.

ఆ ప్రోగ్రాము రాసింది ఏడా భాషలో, అది చాలా నిక్కచ్చి భాష. కొలత పట్టకపోతే గోల చేసే గుణం దానికి ఉంది. చేసింది కూడా. ఆ గోల వినపడితే ఏం చేయాలో అక్కడ ఎవరూ రాసి పెట్టలేదు. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం వస్తుంది.

మరి మందేమిటి? మందు కొత్తదేం కాదు. హాస్కెల్ భాషలో 1990 లలోనే ఉంది. జావాకి 2014 లో చేరింది. స్విఫ్టు, కోట్లిన్, రస్టు భాషలు దాన్ని మొదటినుంచీ పునాదిలో పెట్టుకున్నాయి. దాని పేరు ఆప్షనల్, లేదా ఆప్షన్. డీవో అంకెని నేరుగా మన చేతిలో పెట్టకుండా, మూత పెట్టిన గిన్నెలో పెట్టి ఇస్తుంది. మూత తీస్తే రెండే రకాలు. లోపల అంకె ఉంది, లేదా ఏమీ లేదు. రస్టు లాంటి భాషలో ఉంటే ఏం చేస్తావు, లేకపోతే ఏం చేస్తావు అన్న రెండింటికీ జవాబు రాసేదాకా కంపైలరు ప్రోగ్రాముని ముందుకి కదలనివ్వదు. మూత తీయకుండా గిన్నెనే నోట్లో పెట్టుకోవడం కుదరదన్నమాట.

ఇక్కడ చిన్న పిట్టకథ. ఈ రస్టు భాష కూడా సరదా పనిగా పుట్టిందే. 2006 లో కెనడాలోని వాంకూవరులో ఒకాయన ఇంటికి వచ్చేసరికి వాళ్ల అపార్టుమెంటు లిఫ్టు సాఫ్ట్‌వేరు చెడిపోయి ఆగిపోయిందట. ఉండేదేమో ఇరవై ఒకటో అంతస్తు. మెట్లెక్కుతూ, లిఫ్టు కూలిపోకుండా నడిపే ప్రోగ్రాము కూడా రాయలేమా అనుకుని తీరిక వేళల్లో ఈ భాష మొదలుపెట్టాడు. ఆయన పేరు గ్రేడన్ హోర్. నల్ పెట్టిన హోర్ వేరు, నల్ లేని భాష మొదలుపెట్టిన ఈ హోర్ వేరు. ఇంటిపేరు కలిసింది గానీ దారి కలవలేదు.

నా పెట్టెకి కావలసిన లైబ్రరీలు ఉన్నది సి ప్లస్ ప్లస్ లో గనక నేను అందులోనే రాశాను. 2017 నాటి ప్రమాణంతో అందులోకీ ఆప్షనల్ వచ్చింది. కానీ మామ ప్రశ్నకి గిన్నె, మూత చాలలేదు. అంకె లేనప్పుడు గుంట స్థితి ఏమిటి? దానికి ఒక పేరుండాలి. ఆ పేరు కోసం వెతుకుతుంటే మన పోర్టు జెండాలు గుర్తొచ్చాయి.

తుఫాను వార్తల్లో "కృష్ణపట్నం పోర్టులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక" అని వినకుండా పెరిగినవాడు మన తీరంలో ఉండడు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫానుని చూసినవాళ్లు పదో నంబరు అన్న మాటని ఇప్పటికీ మెల్లిగానే పలుకుతారు. ఈ నంబర్లు మొత్తం పదకొండు. ఒకటి, రెండు దూరంగా సముద్రంలో ఏదో పుడుతోందని. మూడు, నాలుగు మన పోర్టుకే గాలివాన రావచ్చని. అయిదు నుంచి ఏడు ప్రమాదం. ఎనిమిది నుంచి పది మహా ప్రమాదం. మరి పదకొండు? అది పదికన్నా పెద్ద తుఫాను అని చాలామంది అనుకుంటారు. కాదు. వాతావరణ హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయి, కబురు అందడం లేదు, ముప్పు ఉండవచ్చని ఇక్కడి అధికారి భావిస్తున్నాడు అని దాని అర్థం.

ఇది ఎంత గొప్ప ఆలోచనో చూడండి. కబురు రాలేదు గనక జెండా దించేయలేదు. కబురు రాలేదు గనక ఆఖరిసారి వచ్చిన నంబరునే వేలాడదీసి ఊరుకోలేదు. కబురు రాకపోవడాన్నే ఒక కబురు చేసి, దానికొక నంబరిచ్చి, దాన్ని అన్నిటికన్నా చివర, పదో నంబరుకి పైన పెట్టారు. ప్రోగ్రాము భాషలో దీన్నే ఎన్యుమరేషన్ అంటారు. ఒక సంగతికి ఎన్ని స్థితులు ఉండవచ్చో ముందే లెక్కపెట్టి, పేర్లు పెట్టి, ఇవి తప్ప వేరొకటి లేదని గీత గీయడం. ఓడ సరంగులకి తెలిసిన విద్యే, మనం ఆలస్యంగా నేర్చుకున్నాం.

గుంటకి నాలుగు స్థితులు పెట్టాను. క్షేమం, జాగ్రత్త, ప్రమాదం, తెలియదు. నాలుగోది మన పదకొండో జెండా. ఏ ఫంక్షనైనా ఈ నాలుగింటిలో ఒకటి చెప్పి తీరాలి. వినే చోట నాలుగింటికీ దారి రాయకపోతే కంపైలరు గుర్తుచేస్తుంది. ప్రోబు అంకె అయిదు నిమిషాలపాటు రవ్వంత కూడా మారకపోయినా "తెలియదు" కిందే లెక్క, ఎందుకంటే బతికున్న నీళ్లలో అంకె కొంచెమైనా కదులుతూ ఉంటుంది.

మరి చెప్పవలసిన మిషనే చచ్చిపోతే? దానికి రైల్వే వాళ్ల పాత విద్య ఉంది. పాతకాలపు చెయ్యి సిగ్నలు చూసినవాళ్లకి తెలుసు. దాన్ని క్యాబిన్ నుంచి తీగతో లాగితేనే "పో" అని చూపిస్తుంది. తీగ తెగితే చెయ్యి తనంతట తాను "ఆగు" లోకి వచ్చేస్తుంది. అంటే చెడిపోవడం అనేది ఎప్పుడూ జాగ్రత్త వైపే జరిగేలా కట్టారు. అలాగే నా పెట్టెలో ప్రోగ్రాము బతికి ఉన్నంతసేపూ ఒక రిలేని పట్టి ఉంచుతుంది. ప్రోగ్రాము ఆగినా, బోర్డుకి కరెంటు పోయినా రిలే వదిలేస్తుంది. అప్పుడు వేరే బ్యాటరీ మీద సైరను మోగుతుంది. మిషను పది నిమిషాలకొకసారి "ఉన్నాను" అని ఊళ్లోని కంప్యూటరుకి కబురు పంపుతుంది. అరగంట కబురు లేకపోతే ఆ కంప్యూటరే మామకి ఫోను చేస్తుంది. "గమ్మునుంటే ఎట్ట తెలిసేది" అన్నాడు గదా! గమ్మున ఉండడం అనేదే లేకుండా చేశాను.

ఇక్కడితో కథ కంచికి పోతే బాగుండేది. పోలేదు. గుంట దగ్గర కాపలా ఉండే పెద్దాయన మొదటి వారంలోనే నన్ను పట్టుకున్నాడు. "అబ్బయా, తెలియదు అని చెప్పేదానికి ఇంత మిషనెందుకు? ఆ మాట నేను చెప్పలేనా?"

నవ్వు వచ్చింది గానీ ఆ మాటలో న్యాయం ఉంది. రాత్రి మూడు గంటలకి లేపి "నాకేమీ తెలియదు" అనే పనివాడిని ఎన్నాళ్లు భరిస్తారు? రెండుసార్లు లేస్తారు, మూడోసారి వైరు పీకేస్తారు. వైరు పీకితే సైరను మోగుతుంది, కాబట్టి సైరను వైరు కూడా పీకేస్తారు.

ఈ సమస్యకి మన పక్కనే ఒక చరిత్ర ఉంది. ఒకప్పటి మన జిల్లాలోదే, 2022 విభజనలో తిరుపతి జిల్లాకి పోయిన శ్రీహరికోట. 1979 ఆగస్టు 10 న అక్కడ నుంచి మొదటి ఎస్ఎల్‌వీ 3 ని పంపారు. లేవబోయే ముందు కంప్యూటరు ఆగమన్నదని, నిపుణులు పరవాలేదన్నారని, తాను దాన్ని పక్కనబెట్టి ప్రయోగానికి సరేనన్నానని ఆ ప్రయోగానికి నాయకుడైన అబ్దుల్ కలాం గారు తర్వాత ఎన్నో సభల్లో చెప్పారు. రెండో దశలో అదుపు తప్పి అది బంగాళాఖాతంలో పడింది. మరుసటి ఏడు, 1980 జూలై 18 న, అదే దీవి నుంచి రోహిణి కక్ష్యలోకి చేరింది. మిషను చెప్పడం ఒక పని, మనిషి వినడం రెండో పని. మొదటిది భాష చేసిపెడుతుంది. రెండోదానికి ఏ భాషలోనూ సదుపాయం లేదు. ఏరియన్ దగ్గర గుర్తుంచుకోమన్న మాట ఇదే.

అందుకని పెద్దాయనతో కూర్చుని ఒక ఒప్పందం చేసుకున్నాం. "తెలియదు" అన్నప్పుడు దేని గురించి తెలియదో మిషను చెప్పాలి, ఆయన చేయవలసిన పని కూడా ఒక్కటే ఉండాలి. ప్రోబు సంగతి తెలియకపోతే ఒక దీపం, కరెంటు సంగతి తెలియకపోతే ఇంకొక దీపం. మొదటిదానికి చేతి మీటరు పట్టుకుని గట్టు దాకా పోయి డీవో చూడడం, రెండోదానికి ఏరియేటరు తిరుగుతోందో లేదో చెవితో వినడం. అంతకుమించి ఏమీ అడగకూడదు.

ఆ పంటలో మిషను రాత్రిపూట "తెలియదు" అన్నది ఆరుసార్లు. ఒకసారి పందికొక్కు వైరు కొరికింది. రెండుసార్లు ప్రోబు పొర మీద పాకుడు పట్టింది. రెండుసార్లు సెల్ టవరే పనిచేయలేదు. ఆ అయిదుసార్లూ నీళ్లు బాగానే ఉన్నాయి. ఆయన నిద్ర పాడైంది, నా పేరు చెప్పి సణుక్కున్నాడు. ఆరోసారి తెల్లవారుజామున మూడున్నరకి కరెంటు దీపం వెలిగింది. మూడు ఫేజుల్లో ఒకటి పోయింది, ఏరియేటర్లు మూలుగుతూ నిలబడిపోయాయి. నా సర్క్యూటు దాన్ని పోయినట్టూ తేల్చలేకపోయింది, ఉన్నట్టూ తేల్చలేకపోయింది. తెలియదు అన్నది. పెద్దాయన చెవితో విన్నాడు, మోటార్లు ఆపి, జనరేటరు తిప్పాడు. చేతి మీటరులో డీవో 3.2. ఇంకొక గంట ఆలస్యమైతే ఏమయ్యేదో మామకి ఎవరూ చెప్పనక్కర్లేదు. ఒకసారి చూసినవాడు గదా.

ఆరింట అయిదు ఉత్తుత్తివి. ఆఫీసులో ఇలాంటి లెక్క చూపిస్తే పనికిరాని ప్రోగ్రాము అంటారు. గుంట గట్టు మీద లెక్క వేరు. అయిదు రాత్రుల నిద్రకి ఒక పంట.

కనుక తమ్ముళ్లూ చెల్లెళ్లూ, కొత్త భాష నేర్చుకునేటప్పుడు దాన్ని మూడు ప్రశ్నలు అడగండి. నీ దగ్గర "సున్న"కీ "లేదు"కీ తేడా ఉందా? "కాదు"కీ "తెలియదు"కీ తేడా ఉందా? తెలియనప్పుడు ఏం చేయాలో రాయకపోతే నన్ను నిలదీస్తావా, చూసీ చూడనట్టు ఊరుకుంటావా? నిలదీసే భాష మొదట్లో చిరాకు పెడుతుంది, అర్థరాత్రి నిద్రపోనిస్తుంది. ఊరుకునే భాషలోనే పని చేయవలసి వస్తే, ఆ నిలదీసే పని మీరు చేయండి. మైనస్ 127 లాంటి వేషాలని గుమ్మం దగ్గరే ఆపి, అసలు పేరు అడిగి లోపలికి పంపండి.

గురువులకి కూడా ఒక మనవి. మన పరీక్షల్లో ఖాళీగా వదిలినవాడికీ, తప్పు రాసినవాడికీ ఒకటే మార్కు, సున్న. అందుకని ఏదో ఒకటి రాసి నింపడం అందరం నేర్చుకుంటాం. వైవాలో "తెలియదు సార్" అన్నవాడికన్నా తడుముకోకుండా ఏదో ఒకటి అప్పజెప్పినవాడే తెలివైనవాడిలా కనిపిస్తాడు. ఆ అలవాటుతో బయటికొచ్చి మనం రాసే ప్రోగ్రాములు కూడా తెలియనప్పుడు 85 డిగ్రీలు అంటాయి. నిజంగా తెలియని చోట తెలియదని, ఎందుకు తెలియదో కూడా చెప్పగలిగిన కుర్రవాడికి ఒక్క మార్కు వేసి చూడండి. రేపు ఎక్కడో ఒక గుంట గట్టు మీద, ఒక ఆసుపత్రిలో, ఒక రైలు ఇంజనులో వాడు రాసిన మిషను కూడా ఆ మాట సిగ్గుపడకుండా చెబుతుంది.